కరెంటు పోయిన అరక్షణం

నా కడుపులో ఉన్నది బొగ్గు. కొబ్బరి చిప్పలను కాల్చి, ఆవిరి పట్టించి, ఒళ్లంతా కంటికి ఆనని రంధ్రాలు పడేలా చేసిన బొగ్గు. ఒక్క గ్రాములోని రంధ్రాల గోడలన్నీ విప్పి పరిస్తే వెయ్యి చదరపు మీటర్లు దాటుతాయి. ఆ గోడలను అంటిపెట్టుకునే విద్యుత్తు నాలో నిలుస్తుంది. బ్యాటరీలో మాదిరి రసాయన చర్య జరగదు కనుక లక్షల సార్లు నిండి ఖాళీ అయినా నేను అంతగా అరగను. నన్ను సూపర్ కెపాసిటర్ అంటారు. రూపాయి బిళ్లంత ఒళ్లు, రెండు కాళ్లు, నీలం తొడుగు, దాని మీద 1 ఫారడ్, 5.5 వోల్టులు అన్న అచ్చు.

బెంగళూరు ఎస్పీ రోడ్డులోని ఒక కొట్లో నన్ను ఏరుకున్నది కదిరి దగ్గర డ్రిప్పు టైమర్లు చేసే అమ్మాయి. "అక్కా, అందరూ బిళ్ల బ్యాటరీనే వేస్తారు కదా?" అన్నాడు పని నేర్చుకుంటున్న కుర్రాడు.

"అయిపోయినప్పుడు రైతు ఎవరి చేత మార్పించుకుంటాడు? తీసిన పాత బిళ్ల పసిపిల్లల చేతికి దొరికితే? గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల కాలిపోతుందిరా."

ఆ భయం సరైనదే. కరెంటు లేనప్పుడు గడియారం చిప్పును ఆగకుండా నడిపే బాధ్యత అలా నాకొచ్చింది. నన్ను 3.3 వోల్టులకు నింపేది. గడియారం 1.3 వోల్టుల దాకా నడుస్తుంది, తాగేది అర మైక్రో ఆంపియర్. కాగితం మీద నేను 46 రోజులు నిలవాలి. కానీ వాడకపోయినా నాలోంచి విద్యుత్తు కొంచెం కొంచెంగా కారిపోతూనే ఉంటుంది. ఎండలో కాగే ఇనుప పెట్టెలో ఇంకా ఎక్కువ కారుతుంది. పైగా వేడి పది డిగ్రీలు పెరిగితే నా ఆయుష్షు సుమారుగా సగానికి పడిపోతుంది.

రోజూ కరెంటు వచ్చిపోతున్నంత కాలం ఇవేవీ బయటపడలేదు. ఒక రాత్రి ఖాళీని కరెంటు వచ్చాక పూడ్చుకునేదాన్ని. టమాటా చివరి కోత అయ్యాక, ఆ టైమరు కొన్న రైతు పెద్దాయన ఫ్యూజు పీకేశాడు. ఎండాకాలం, బోరులో నీళ్లూ లేవు. రెండున్నర నెలలు ఆ పెట్టె వైపు ఎవరూ రాలేదు. మూడో వారం లోపే నేను ఒట్టిపోయాను.

వానలు పడ్డాక ఆయన నారు నాటి, ఫ్యూజు పెట్టి, టైమరును నమ్మి రెండు రోజులు కూతురి ఊరికి వెళ్లాడు. గడియారం 2000 జనవరి 1, అర్ధరాత్రి దగ్గర నిలబడిపోయి ఉంది. మోటరు ఆడలేదు.

"ఏం పాపా, నారంతా వాడిపోతాండాది," అని ఫోనులో ఆయన అన్నప్పుడు ఆమె మొహం పాలిపోయింది. తప్పు నాది. నాకు చేతకాని పని మోశాను.

ఆ రాత్రి ఆమె బోర్డు ముందేసుకుని కూర్చుంది. సీఆర్ 2032 బిళ్లలో 225 మిల్లీ ఆంపియర్ అవర్లు ఉంటాయి. అర మైక్రో ఆంపియర్ చొప్పున లెక్క వేస్తే 51 ఏళ్లు. తనంతట తాను ముసలిదయ్యే లోపు పదేళ్లయినా గడియారాన్ని మోస్తుంది. అయితే అది తిరిగి నింపకూడనిది కనుక, కరెంటు వెనక్కి ఎక్కకుండా డయోడు కావాలి. పిల్లల భయం ఆమెను వదల్లేదు. అందుకే ఊడి రాకుండా కాళ్లున్న బిళ్లను తెచ్చి బోర్డుకే సోల్డరింగు చేసింది.

నన్ను పీకేస్తుందనుకున్నాను. పీకలేదు. కరెంటు పోగానే, మోటరు ఎంతసేపు ఆడిందో మెమరీలో రాసుకోవడానికి కంట్రోలరుకు అరక్షణం పాటు పది మిల్లీ ఆంపియర్లు కావాలి. బిళ్ల సన్నటి ధారకే పనికొస్తుంది. అంత ఒక్కసారిగా లాగితే, పాతబడ్డాక మరీ, దాని వోల్టేజీ కుంగిపోతుంది. నాకు అది తేలిక. వెంటనే ఇచ్చేసి, కరెంటు రాగానే మళ్లీ నిండుతాను.

నిన్న మధ్యాహ్నం తడి నడుస్తుండగా లైను పోయింది. ఇంకా 40 నిమిషాలు ఉందని కంట్రోలరు రాసుకునే దాకా నేను పట్టి ఉన్నాను. పొద్దున కరెంటు వచ్చింది. మోటరు సరిగ్గా 40 నిమిషాలు ఆడి ఆగింది. గట్టు మీద పెద్దాయన వంగి, మొక్క మొదట్లో మట్టిని వేలితో నొక్కి చూసుకున్నాడు.