వంద శాతం హాజరు వైరస్‌ గారిదే

పిల్లలకు కాస్త ఒళ్ళు వెచ్చబడిందని బడి మాన్పించొద్దట. ఓ మాత్ర వేసి పంపాలట. వంద శాతం హాజరుకు బహుమతి కూడా ఉందట. ఈ వారమంతా తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో తిరిగిన ఆ కార్పొరేట్ బడి సర్క్యులర్ మీరూ చూసే ఉంటారు. ముసురు పట్టి సగం ఊరు దగ్గుతున్న వేళ ఇంత దూరదృష్టి ఇంకెవరికొస్తుంది? కాకపోతే బహుమతి ఎవరికివ్వాలన్న విషయంలో యాజమాన్యం తర్జనభర్జన పడక్కర్లేదు. వైరస్‌కి ఇచ్చేయండి.

దాని రికార్డు చూడండి. డొనేషన్ కట్టకుండా, అడ్మిషన్ టెస్టు రాయకుండా ఎల్‌కేజీ నుంచి పదో తరగతి దాకా అన్ని సెక్షన్లలో సీటు సంపాదించింది. అద్దాలు మూసిన బడి బస్సులో అందరికన్నా ముందే ఎక్కి కూర్చుంటుంది. ఒక వాటర్ బాటిల్‌లోంచి ఇంకో నోటికి, ఒకరి పులిహోర డబ్బాలోంచి ముగ్గురి చేతులకు. హోంవర్క్ ఎగ్గొట్టిన పాపాన పోలేదు. సాయంత్రం ఇంటికెళ్ళి తమ్ముడికీ అమ్మమ్మకీ అప్పజెప్పి గానీ పడుకోదు.

ఈ బ్యాచ్‌లో మెరిట్ అంటే తట్టుదే. టీకా పడని పిల్లలు దొరికితే ఒక్కరి నుంచి 12 నుంచి 18 మందికి పాకగలదు. కుర్రాడు ఇంటికెళ్ళిపోయినా గది గాలిలో 2 గంటల దాకా ఉండగలదు. అంటే స్టడీ అవర్ కూడా మానదన్నమాట! ఆటలమ్మయితే పొక్కులు బయటపడటానికి ఒకటి రెండు రోజుల ముందే అంటించడం మొదలుపెడుతుంది. దాన్ని బ్రిడ్జి కోర్సు కింద రాసుకోవచ్చు.

ఇక ఫలితాల రోజు టీవీలో హోరు ఊహించుకోండి. ‘103! 103! 103! 102, 102, 102! 101 లోపు లెక్కలేనన్ని!’ పత్రికల్లో పూర్తి పేజీ ప్రకటన, పిల్లల పాస్‌పోర్టు ఫొటోల స్థానంలో వరసగా థర్మామీటర్లు. విజేతకు శాలువా కప్పాలంటే ప్రిన్సిపల్‌ గారికి ఓ మైక్రోస్కోప్ కావాలి. ఎందుకు బాధ? ల్యాబ్ ఫీజులో కలిపేస్తారు.

ఇంతకీ ఆ ‘ఓ మాత్ర’ ఏం చేస్తుందో చెప్పనా? పొద్దున ఏడింటికి పట్టించిన పారాసిటమాల్ సిరప్ నాలుగు నుంచి ఆరు గంటలు పనిచేస్తుంది. జ్వరాన్ని దించుతుంది, అంటుకోవడాన్ని ఆపదు. పదకొండు దాటేసరికి రెండో తరగతి పిల్ల బెంచీ మీద తల వాల్చేస్తుంది. మెడకు బిగించిన టై అలాగే ఉంటుంది. ఆయమ్మ వచ్చి నుదుటి మీద చెయ్యి వేసి, ‘అమ్మో, కాలిపోతోంది’ అంటుంది. ఆ వెంటనే ఆఫీసు నుంచి తల్లికి ఫోను: ‘మీ పాపకి జ్వరమండీ, వచ్చి తీసుకెళ్ళండి. ఇలా ఉంటే అసలు ఎందుకు పంపించారండీ?’

ఎందుకు పంపిందా? మీరు పంపమన్నారు గనక! ఆమె షాపులో సగం రోజు జీతం వదులుకుని ఆటో ఎక్కుతుంది. పక్క బెంచీలో ఉబ్బసమున్న పిల్లాడి తల్లి వచ్చేవారం ఎక్కుతుంది. సెలవు పెడితే జీతం కోస్తారని మూలుగుతూనే పాఠం చెప్పే టీచరమ్మ సంగతి అడిగేవాడే లేడు. సీబీఎస్ఈ పది, పన్నెండు తరగతుల బోర్డు పరీక్షలకు అడిగే హాజరే 75 శాతం. జబ్బు చేసినవాళ్ళకు అందులోనూ సడలింపు ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో తల్లికి వందనం డబ్బులకు సర్కారు పెట్టిన షరతూ 75 శాతమే. ఏడేళ్ళ పిల్ల దగ్గర మాత్రం వీళ్ళకు నూటికి నూరూ కావాలి. ఎందుకయ్యా, బ్రోచర్‌లో వేసుకోవడానికా?

టర్మ్ ఫీజు వారం ఆలస్యమైతే పిల్లను క్లాసు బయట నిలబెట్టడం బాగా తెలిసినవాళ్ళకు, 102 జ్వరంతో వచ్చిన పిల్లను గేటు దగ్గరే చూసి, ‘ఇంటికెళ్ళి పడుకో తల్లీ, హాజరు సంగతి మేం చూసుకుంటాం’ అనడానికి నోరెందుకు రాదు?