చాలినంత కెపాసిటీ లేదు: సటీకాతాత్పర్యం

మేఘసందేశానికి సంజీవని వ్యాఖ్య రాసిన మల్లినాథసూరిది మెదక్ ప్రాంతపు కొల్చారం అంటారు. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ మాటిచ్చి మరీ కలం పట్టిన మనిషి. అదే తెలంగాణ గడ్డమీద, గచ్చిబౌలి అద్దాల మేడల్లో, ఇప్పుడు ఇంకో మేఘం పంపే సందేశాలు చదువుకుంటూ బతికేవాళ్లు వేలల్లో ఉన్నారు. వాళ్లను ఎక్కువగా ఏడిపించే సందేశం ఒకటి టీక లేకుండా పడి ఉంది.

మూలం అమెజాన్ క్లౌడ్‌ది. తెలుగులో దాని సారం ఇది: మీరడిగిన జోన్‌లో ఎం5.లార్జ్ ప్రస్తుతం చాలినంత లేదు. జోన్ పేరు చెప్పకుండా అడిగినా, ఫలానా ఇంకో జోన్‌లో అడిగినా దొరుకుతుంది.

అవతారిక. వక్త యంత్రం, శ్రోత ఇంజనీరు, సమయం తరచుగా ఉదయం. ఖర్చు కలిసొస్తుందని టెస్టింగ్ సర్వర్లను రాత్రి ఆపేసి వెళ్లిన టీము పొద్దున్నే వచ్చి స్టార్ట్ నొక్కుతుంది. ఆపిన సర్వరు తాలూకు డిస్కు మాత్రమే వాళ్ల పేరన మిగిలి ఉంటుంది. నిన్న అది నడిచిన హార్డ్‌వేరు తెల్లారేలోగా ఎవరి చేతికైనా పోయి ఉండవచ్చు. అప్పుడు వినిపించే మాట ఇది.

ప్రతిపదార్థం. మీరడిగిన జోన్‌లో = మీ అంతట మీరే పేరుపెట్టి ముడివేసుకున్న డేటా సెంటర్ల గుంపులో; ఎం = అన్ని పనులకూ పనికొచ్చే వర్గానికి చెందిన; 5 = అయిదో తరపు; లార్జ్ = రెండు వర్చువల్ సీపీయూలూ, 8 జీబీ మెమరీ కలిగి, పేరు అలా ఉన్నా ఎం5 వంశంలో అందరికన్నా చిన్నదైన సర్వరు; ప్రస్తుతం = ఈ నిమిషాన (అయిదు నిమిషాల తర్వాతి సంగతి వక్త చెప్పడు); చాలినంత లేదు = అడిగిన సంఖ్యకు సరిపడా లేదు.

చివరి పదం దగ్గర కాస్త ఆగాలి. బొత్తిగా లేదని వక్త అనలేదు. ఒకేసారి 15 సర్వర్లు అడిగితే కాదన్న చోటే, అయిదేసి చొప్పున మూడుసార్లు అడిగితే కొన్నయినా రావచ్చు. ఈ సలహా అమెజాన్ పత్రాల్లోనే ఉంది. చదివేవాళ్లే తక్కువ.

తాత్పర్యం. సర్వర్లు ఉన్నాయి. మీరడిగినవి లేవు.

ఇక్కడ ఒక పూర్వపక్షం లేస్తుంది: "మా కోటా నిండలేదు కదా, ఎందుకివ్వరు?" కోటా అంటే ఇన్నిటి వరకు అడగవచ్చని అకౌంటుకిచ్చిన అనుమతి. సరుకు నిల్వతో దానికి సంబంధం లేదు. కోటా దాటితే వచ్చే ఎర్రర్ వేరు, దాని మందు వేరు. కెపాసిటీ లేదన్నప్పుడు కోటా పెంచమని టికెట్ వేసేవాళ్లు, తాళం తీసి ఉన్న ఖాళీ గదికి ఇంకో తాళంచెవి అడుగుతున్నట్టే.

దానికంటే గట్టి పూర్వపక్షం ఇంకొకటి: "ఏడాదికి సరిపడా ముందే కట్టాం, మా సర్వరు మాకు రిజర్వు కాలేదా?" చాలా కంపెనీల లెక్కల మనుషులు మోసపోయేది ఇక్కడే. సేవింగ్స్ ప్లాన్ ధర తగ్గిస్తుందే తప్ప ఒక్క సర్వరునూ పక్కన పెట్టదు. రిజర్వ్‌డ్ ఇన్‌స్టెన్స్‌ను రీజియన్ (కొన్ని జోన్లు కలిసిన ప్రాంతం) మొత్తానికి కొంటే అదీ అంతే, డిస్కౌంట్ మాత్రమే. ఒక జోన్‌కు కట్టి కొన్నప్పుడే చోటు దక్కుతుంది. ఇవి కాకుండా, చోటు పట్టి ఉంచడానికే 2018లో కెపాసిటీ రిజర్వేషన్ వచ్చింది. వాడినా వాడకపోయినా దానికి బిల్లు పడుతుంది. ఈ తేడా తెలుసుకోకుండా బిగ్ సేల్ ముందు రాత్రి నిశ్చింతగా నిద్రపోయేవాళ్లను చూస్తే వ్యాఖ్యాతకు జాలి.

పాఠాంతరాలు ఉన్నాయి. గూగుల్ ప్రతిలో జోన్‌లోని వనరులు అయిపోయాయని ఉంటుంది, కరువు వార్తలాగా. మైక్రోసాఫ్ట్ అజూర్ ప్రతిలో ఒకచోట, మీ అభ్యర్థనకు నిబంధనలు మరీ ఎక్కువయ్యాయన్న అర్థంలో చెబుతారు. తప్పును అడిగినవాడి మీదికి తోసేసినట్టున్నా, మూడింటిలో నిజానికి దగ్గరగా ఉన్నది ఆ పాఠమే. ఇంకో చిక్కు. వర్జీనియా వంటి పాత రీజియన్లలో 1ఏ, 1బీ అనే జోన్ పేర్లు అకౌంటుకో తీరుగా జతపడి ఉంటాయి. మీ 1ఏ, పక్క కంపెనీవాళ్ల 1సీ ఒకే చోటు కావచ్చు. "మాకు 1ఏలో దొరికింది" అని స్నేహితుడు చెప్పిన సాక్ష్యం అందుకే చెల్లదు. అకౌంటును బట్టి మారని జోన్ ఐడీ వేరుగా ఉంటుంది, దాన్ని చూడాలి.

అన్వయం. అమెజాన్ సర్వర్లను అద్దెకిచ్చే సేవ ఈసీ2, 2006లో ఒకే ఒక్క రకం సర్వరుతో మొదలైంది. ఇప్పుడు వందల రకాలు. ఇన్ని ఉన్నా జనం ఒకే పేరు పట్టుకు కూర్చుంటారు కాబట్టి, 2021 అక్టోబరులో అమెజాన్ వేరే దారి తెరిచింది. పేరు చెప్పకండి, గుణాలు చెప్పండి: కనీసం రెండు సీపీయూలు, కనీసం 8 జీబీ. ఎం5 లేకుంటే ఎం5ఏ, అదీ లేకుంటే ఎం6ఐ, మీరు సరేనన్న అన్ని జోన్లలోనూ వెతికి తెస్తుంది. వెయిటింగ్ లిస్టులో ఉన్న ప్రయాణికుడికి రైల్వేవాళ్లు వికల్ప్ పథకం కింద అదే దారిలో పోయే ఇంకో రైల్లో బెర్తు చూపించడం లాంటిదే ఇది. కాకపోతే ఆ ఒప్పుదల ముందుగానే ఇవ్వాలి. ఇక్కడా అంతే, ఎర్రర్ వచ్చాక కాదు.

స్పాట్ సర్వర్ల విషయంలో ఈ పట్టువిడుపు లేనిదే పనే జరగదు. మిగులు కెపాసిటీని 90 శాతం వరకు తగ్గింపుతో ఇచ్చే ఈ పద్ధతి 2009 నుంచి ఉంది. కావలసివస్తే రెండు నిమిషాల ముందు చెప్పి వెనక్కి తీసుకుంటారు. ఒకే రకం, ఒకే జోన్ అని భీష్మించుకున్నవాళ్ల పని ఆ రెండు నిమిషాల్లో తేలిపోతుంది.

విశేషం. మూలకారుడు ఇంకో జోన్‌కు వెళ్లమంటాడు గానీ, డిస్కు సంగతి ఎత్తడు. ఈబీఎస్ డిస్కు ఏ జోన్‌లో పుట్టిందో ఆ జోన్‌లోని సర్వరుకే తగులుకుంటుంది. డేటాబేస్ ఉన్న డిస్కును వదిలేసి సర్వరు ఒక్కటే పక్క జోన్‌కు పోయి ఏం చేస్తుంది? స్నాప్‌షాట్ తీసి, అక్కడ కొత్త డిస్కు చేసుకోవాలి. అలాగే రకం మార్చమన్నారని ఎం6జీకి దూకితే, అది ఆర్మ్ ప్రాసెసర్. ఇంటెల్ కోసం కట్టిన ఇమేజ్ దానిమీద లేవదు. ఈ రెండూ చెప్పకపోవడం మూలానికి దోషమేనని వ్యాఖ్యాత అభిప్రాయం.

జీపీయూల దగ్గర ఈ అన్వయం సగమే పనిచేస్తుంది. ఎనిమిది హెచ్100 జీపీయూలున్న పీ5 సర్వరు కోరినవాడికి బదులుగా ఇవ్వగలిగింది పెద్దగా లేదు. అక్కడ సడలించగలిగింది తేదీని. 2023లో వచ్చిన కెపాసిటీ బ్లాక్స్ పద్ధతిలో, ఎనిమిది వారాల ముందు నుంచి, ఫలానా రోజులకని జీపీయూలను పట్టుకోవచ్చు.

అమెజాన్ హైదరాబాద్ రీజియన్ మూడు జోన్లతో 2022 నవంబరులో తెరుచుకుంది. అక్కడ పని పెట్టుకునేవాళ్లు ఒక పని ముందే చేసుకోవాలి: ఏ జోన్‌లో ఏయే రకాలు ఇస్తున్నారో చెప్పే కమాండ్ ఉంది, దాన్ని నడిపి చూడాలి. అది చూపించేది అమ్మకానికి పెట్టిన రకాల పట్టికనే. ఈ పూట వాటిలో ఎన్ని ఖాళీగా ఉన్నాయో అందులో ఉండదు.