రెండు మూరల రాకసుడు: టీకా, తాత్పర్యం

అవతారిక: డాలస్‌లో ఉద్యోగం చేసే మనవడు సంక్రాంతికి వీరులపాడు వస్తూ, విమానం వాళ్ళు ఇచ్చిన రెండు పెట్టెల కోటాలో ఒకటి పూర్తిగా ఒక బొమ్మకే ధారపోశాడు. బొమ్మ పేరు గాలక్టస్. అమెరికా కామిక్కుల్లో లోకాలకు లోకాలే భోంచేసే ప్రతినాయకుడు. "పెట్టిన డబ్బుకి తగిన సరుకేనా మేష్టారూ, మీరు చెప్పండి" అని ఇంటివాళ్ళు నాకు కబురు పెట్టారు. తెలుగు పండితుణ్ణి వెల కట్టమంటే పద్యం చెబుతాడు. పద్యం ఎవరికీ అర్థం కాదు. అప్పుడు టీకా తప్పదు. పద్యమూ నాదే, టీకా నాదే కనుక కవిహృదయం దగ్గర ఈసారి తగువు లేదు.

రెండు మూరల పొడవున నిండు రాజు
లోకములు మింగు నాకలి రాకసుండు
బల్లపై నిల్చు మోకాలు డొల్లయైన
వేలు పోసిన వానికే వెలితి గాదె

ఛందస్సు: తేటగీతి. మొదటి మూడు పాదాల్లో ప్రాసయతి, చివరి పాదంలో అక్షరయతి. ఈ సంగతి ముందే చెప్పడానికి కారణం ఉంది. పాఠాంతరం దగ్గర తెలుస్తుంది.

ప్రతిపదార్థం:

రెండు మూరల పొడవున = ముప్ఫై రెండు అంగుళాల ఎత్తున అని గ్రహించాలి. మూరకు పద్దెనిమిది చొప్పున లెక్కేస్తే ముప్ఫై ఆరు కావాలి కదా, నాలుగంగుళాలు ఎవరు తిన్నారు అని శంక. కవి కొలబద్ద పట్టుకోడు, చెయ్యి చాస్తాడు అని సమాధానం. హాస్‌బ్రో కంపెనీ 2021లో ఈ బొమ్మను ప్రకటించినప్పుడు చెప్పిన కొలత ముప్ఫై రెండే. మామూలుగా ఈ వరసలో వచ్చే బొమ్మలు ఆరంగుళాలవి. వాటి నడుమ నిలబెడితే ఇతను కొండ. అయితే పెద్దతనం చూసేవాళ్ళను బట్టి ఉంటుంది. మన తోలుబొమ్మలాటలో రావణుడు మనిషెత్తుకు దగ్గరగా ఉంటాడు, పైగా పది తలలు. నిమ్మలకుంట నుంచి ఆ బొమ్మను తెచ్చి పక్కన నిలబెడితే మన రాకసుడు అతని ద్వారపాలకుడిలా కనిపిస్తాడు. ఆ కళకే దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది.

నిండు రాజు = ఊదా, నీలం రంగుల కవచంతో, రెండు పక్కలా కొమ్ముల్లాంటివి ఉన్న శిరస్త్రాణంతో, కళ్ళలోనూ ఛాతీలోనూ దీపాలు వెలిగే ప్రభువు. తోలుబొమ్మకు దీపం వెనక ఉంటుంది, ఇతనికి లోపలే ఉంది. దీపం మార్చాం గానీ చీకట్లో కూర్చోబెట్టి చూపించే పద్ధతి మార్చలేదు.

లోకములు మింగు నాకలి రాకసుండు = స్టాన్ లీ, జాక్ కిర్బీల సృష్టి. 1966 మార్చి తేదీతో వచ్చిన ఫెంటాస్టిక్ ఫోర్ నలభై ఎనిమిదో సంచికలో అవతరించాడు. ఇతనికి పగ లేదు, రాజ్యకాంక్ష లేదు, సీత మీద మోహం లేదు. ఆకలి ఒక్కటే. ముందు ఒక దూతను పంపి, తినదగిన లోకం ఎక్కడుందో వెతికించి, తర్వాత తాను వస్తాడు. మనకు ఈ బాపతు కొత్త కాదు. ఏకచక్రపురంలో బకాసురుడికి బండెడు అన్నమూ, బండి లాగిన దున్నపోతులూ, తోలిన మనిషీ రోజువారీ బత్తెం. అక్కడ భీముడు ముందు ఆ అన్నం తానే కూర్చుని తిన్నాడు, తర్వాత యుద్ధం చేశాడు. అమెరికా వీరులకు ఆ ఉపాయం తోచలేదు, భయంకరమైన ఆయుధం ఒకటి చూపించి బెదిరించి పంపేశారు. అందుకే అతను మళ్ళీ మళ్ళీ వస్తున్నాడు. సగం తిని లేచినవాడు తిరిగి రాక ఏం చేస్తాడు?

బల్లపై నిల్చు మోకాలు = పద్యానికి ఆయువుపట్టు ఇదే. చదువరులు ఇక్కడ కాసేపు ఆగాలి.

బొమ్మ కొన్నవాళ్ళు ముందు మొహం చూస్తారు, తర్వాత రంగు, తర్వాత పెట్టె. పరీక్షకుడు మోకాలు చూడాలి. బొమ్మ పెద్దదైన కొద్దీ పైభారం పెరుగుతుంది. ఆ భారమంతా చివరికి దిగేది తుంటి మీద, మోకాలి మీద, చీలమండ మీద. చిన్న బొమ్మకు కీలులో రాపిడి చాలు. పెద్దవాటికి లోపల పళ్ళున్న కీలు పెడతారు, వంచితే టక్కు టక్కుమని మెట్టుమెట్టుగా వంగి, ఎక్కడ ఆపితే అక్కడ ఆగుతుంది. ఈ బొమ్మకు డెబ్బైకి పైగా కీళ్ళున్నాయి. వేళ్ళు కూడా కణుపు కణుపునా వంగుతాయి. నేను చూపుడువేలు ఒక్కటీ చాచి, తక్కినవి మడిచి చూశాను. నన్ను చూసి పాఠం చెప్పమన్నట్టు నిలబడ్డాడు.

కొండపల్లి బొమ్మకు ఈ బాధ లేదు. తెల్లపొణికి కర్ర తేలిక. చేతులూ తలా విడిగా చెక్కి, చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికిస్తారు. ఆ బొమ్మ ఒకే భంగిమలో పుడుతుంది, అందులోనే ఉంటుంది. దానికి మోకాలు వంగదు కనుక మోకాలి మీద అనుమానమూ లేదు. వంగగలిగినవాడు నిటారుగా నిలబడితేనే దాన్ని బలం అనాలి. ఇది నా పక్షపాతం. కొండపల్లివారు కోప్పడితే పడతాను.

డొల్లయైన = లోపల ఖాళీ అయితే. "అయితే" అన్నాడు గానీ "అయింది" అని కవి అనలేదు, కంపెనీవారు కంగారు పడనక్కర్లేదు. నిజానికి మొదటిరోజు బొమ్మ ఎడమపక్కకు ఒరిగింది. "పడితే ఎవరి మీద పడుద్దిరా?" అని నాయనమ్మ బల్లకు దూరంగా జరిగింది. పరీక్షించగా ఒరిగింది బల్ల. దాని కాలొకటి పొట్టి. పాత దినపత్రిక మడిచి కింద పెట్టేసరికి లోకభక్షకుడు సమస్థితికి వచ్చాడు.

వేలు పోసిన వానికే = మూడు వందల తొంభై తొమ్మిది డాలర్ల తొంభై తొమ్మిది సెంట్లు పోసినవాడికి. అప్పటి మారకంలో ముప్ఫై వేల రూపాయల దరిదాపు. శ్లేష కూడా ఉంది: వేలు రూపాయలకే కాదు, మనుషులకూ చెల్లుతుంది. పద్నాలుగు వేలమంది ముందుగా ఒప్పుకుంటేనే బొమ్మ చేస్తామని కంపెనీ షరతు పెట్టింది. ముప్ఫై వేలమందికి పైగా ఒప్పుకున్నారు. బొమ్మ చేతికి రావడానికి ఏడాది పట్టింది. చూడని సరుకుకు డబ్బు కట్టి ఏడాది కాచుకున్నవాళ్ళు తపస్వులు. ఫలం దక్కితే ఆశ తీరుతుందా అంటే, జగ్గయ్యపేట స్తూపం పలక చూడాలి. దాని మీద చక్రవర్తి చెయ్యి పైకెత్తి ఉంటాడు, మబ్బులోంచి చదరపు నాణేలు రాలుతుంటాయి. అతణ్ణి మాంధాత అంటారు. జాతకకథలో మాంధాతకు స్వర్గంలో సగం ఇచ్చినా ఆశ తీరలేదు. ఈ బొమ్మ పక్కన పెట్టడానికి ఇంకో రెండు బొమ్మలు కావాలని మనవడు అప్పుడే ఫోన్‌లో చూస్తున్నాడు.

వెలితి గాదె = లోటు కాదా, అంటే లోటే.

తాత్పర్యం: ఆకారం ఎంత ఘనమైనా, ప్రతినాయకుడు తన కాళ్ళ మీద తాను నిలబడకపోతే కొన్నవాడికి తలవంపు.

విశేషాంశం: విలన్ మీద ఇంత శ్రద్ధ దేనికని అడగవచ్చు. నాయనమ్మ అడిగింది కూడా. "రాముడి బొమ్మ దొరకలేదంట్రా వాడికి?" దీనికి దండి ఎప్పుడో కావ్యాదర్శంలో దారి చూపాడు. శత్రువు వంశాన్నీ పరాక్రమాన్నీ చదువునూ బాగా వర్ణించి, అంతటివాణ్ణి గెలిచాడంటే నాయకుడి గొప్ప మరింత తెలుస్తుందని ఆయన మతం. విలన్ కూలబడిపోయే రకమైతే పక్కనున్న ఆరంగుళాల వీరులకు చేసే పనేముంది? ఈ లెక్కన మోకాలి పరీక్ష వీరుల తరఫున చేసిందే. ఆవిడ విని, "అయితే కాళ్ళు బాగానే ఉన్నాయి" అంది.

పాఠాంతరం: మూడో పాదంలో "పెట్టెలో నిల్చు" అని ఉండాలని మనవడి స్నేహితుల వాదం. పెట్టె విప్పని బొమ్మకే అమ్మకంలో ధర పలుకుతుంది గనుక, తెరవకుండా దాచడమే విజ్ఞత అని వారి భావం. గణాలు సరిపోయాయి. కానీ "పెట్టె"కు "డొల్ల"తో ప్రాసయతి చెల్లదు. యతిభంగం అయ్యే పాఠాన్ని అంగీకరించలేం. పైగా పెట్టెలో ఉన్నవాడి మోకాలి సంగతి ఎవరికి తెలుసు? దాచుకునేవాడు ధరను దాచుకుంటున్నాడు, బొమ్మను కాదు.

రక్షణవిధి: బొమ్మల ప్లాస్టిక్కులో మెత్తరకం పీవీసీకి వేడి శత్రువు. ఎండల్లో అది నెమ్మదిగా సాగుతుంది, బరువున్న వైపు ఒరుగుతుంది, ఒళ్ళు జిగటపడుతుంది. కిటికీ ఎండ తగిలితే రంగు వెలుస్తుంది. నందిగామ చుట్టుపక్కల రోహిణి కార్తెలో నలభై అయిదు డిగ్రీలు ఎవరికీ వింత కాదు. కాబట్టి మనవడు తిరిగి వెళ్ళేదాకా ముందుగది, ఆ తర్వాత ఇక్కడే ఉంచితే డాబా మీది రేకుల గదిలో మాత్రం వద్దని చెప్పాను. ఇంట్లో చల్లగా ఉండేది బియ్యం గదే. ఆకలి రాకసుణ్ణి బియ్యం బస్తాల పక్కన పెట్టడానికి నాయనమ్మ ఇంకా ఒప్పుకోలేదు.