అర లీటరు ప్రజాస్వామ్యం

బండి నడిపేవాడి మీద తెలంగాణ సర్కారుకు ప్రేమ పుట్టేది ఒక్క సందర్భంలోనే, పాత బాకీ వసూలు చేసుకునేటప్పుడు. 2022 మార్చిలో టూవీలర్ చలానాల మీద 75 శాతం మాఫీ అన్నారు. మధ్యలో ప్రభుత్వం మారింది, శాతం పెరిగింది. 2023 డిసెంబరు 26 నుంచి 80 శాతం. గడువు జనవరి 10 అన్నారు, కాదు 31 అన్నారు, చివరికి ఫిబ్రవరి 15 దాకా సాగదీశారు. ఆషాఢం సేల్ పెట్టిన బట్టల కొట్టువాడు కూడా "ఇదే ఆఖరి రోజు" బోర్డును ఇన్నిసార్లు తిప్పి రాయడు.

దీంతో మా గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు కుర్రాళ్లకు ఒక ఆర్థిక సూత్రం ఒంటబట్టింది. చలానా పడగానే కట్టేవాడు అమాయకుడు. "ఏం తొందరరా, ఆఫర్ వస్తది ఆగు" అని దోస్తులే ఆపుతారు. నిజాయితీగా కట్టినవాడికి నూటికి నూరు, ఎగ్గొట్టినవాడికి ఇరవై. ఇంత గొప్ప పౌరవిద్య ఏ బడిలోనూ చెప్పరు.

ఇంతకూ మన తలకు సర్కారు కట్టిన విలువ ఎంత? హెల్మెట్ లేకపోతే వెయ్యి రూపాయలు, మూడు నెలలు లైసెన్సు బంద్ అని 2019లో కేంద్రం మోటారు వాహనాల చట్టాన్ని సవరించింది. ఆ జరిమానాలు మన దగ్గర వద్దని, ప్రజలను ఇబ్బంది పెట్టబోమని ఆ సెప్టెంబరులోనే అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ అసెంబ్లీలో చెప్పారు. అట్లా ఏళ్ల తరబడి పాత నూరు రూపాయలే నడిచింది, పైన యూజర్ చార్జీలు ముప్పై అయిదు. మొత్తం నూట ముప్పై అయిదు. గద్వాల మటన్ మార్కెట్లో మేక తలకాయ అడిగి చూడండి, ఆ ధరకు ఇవ్వరు.

కానీ అదే సవరణలో 198ఏ అని ఇంకో సెక్షన్ ఉంది. రోడ్డు డిజైన్‌లో, కట్టడంలో, నిర్వహణలో ప్రమాణాలు గాలికొదిలేసినందువల్ల మనిషి చచ్చినా, అవిటివాడైనా ఆ బాధ్యత ఉన్న అధికార సంస్థో, కాంట్రాక్టరో, కన్సల్టెంటో లక్ష రూపాయల దాకా జరిమానా కట్టాలి. జనాన్ని ఇబ్బంది పెట్టొద్దన్న దయ ఈ సెక్షన్ మీద ఎక్కడ కూర్చుందో గానీ, మా మూడు జిల్లాల్లో దీని కింద ఒక కాంట్రాక్టరుకు చలానా పడిందని నేనైతే వినలేదు. పాపం పోలీసులను అనడానికి లేదు. ఫోటో కొడదామంటే గుంతకు నంబరు ప్లేటు ఉండదు కదా.

నంబరు ప్లేటు అంటే గుర్తొచ్చింది. మా దగ్గర హక్కుల పోరాటమంటే ఇప్పటివరకు ప్లేటు మీద జరిగిందే. చౌరస్తాలో కానిస్టేబుల్ ఫోన్ పైకెత్తగానే వెనక కూర్చున్నవాడు చెయ్యి వెనక్కి పెట్టి చివరి రెండంకెలు మూసేస్తాడు. ఇంటావిడ అయితే చీర కొంగు వేలాడేస్తుంది. బండి కొన్నప్పుడు దాంతోపాటు హెల్మెట్ ఇవ్వాల్సిందేనని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో ఉంది. ఇచ్చిన హెల్మెట్ అద్దానికి వేలాడుతుంది, లేదా మోచేతికి ఎక్కుతుంది. కిందపడితే మోచేయి మాత్రం భద్రం. దేశంలో 2022లో రోడ్ల మీద చనిపోయిన 1,68,491 మందిలో 74,897 మంది టూవీలర్ల మీద పోయినవాళ్లే. హెల్మెట్ లేక పోయినవాళ్లు 50,029. ఈ లెక్క వేసింది రోడ్డు రవాణా మంత్రిత్వ శాఖే గనుక ప్రతిపక్షాల కుట్ర అనడానికి కూడా వీల్లేదు.

మరి ఈ జిల్లాల్లో బండి నడిపేవాడికి అడగడానికి ఏమీ లేదా? సోమశిలకు పోయి చూడండి. కొల్లాపూర్ అవతల కృష్ణ దాటాలంటే బండిని పడవ మీదికి ఎక్కించాలి. ఇద్దరు ముందు చక్రం పట్టి లాగుతారు, ఒకడు వెనక నెడతాడు, పడవ అంచు నీళ్లను ముద్దాడుతుంటే బండి యజమాని సీటు మీద చెయ్యేసి దేవుణ్ణి తలుచుకుంటాడు. 2007 జనవరిలో ఈ నీళ్లలోనే పడవ మునిగి 61 మంది పోయారు. వంతెన కోసం 1,082 కోట్లు మంజూరు చేశామని 2022లో కేంద్రం ప్రకటించింది. తీగల వంతెన, అద్దాల నడకదారి, అంతా బొమ్మల్లో బ్రహ్మాండంగా ఉంది. బండి మాత్రం ఇంకా పడవే ఎక్కుతోంది.

ఇటు 44వ జాతీయ రహదారి. కొత్తకోట, పెబ్బేరు, ఎర్రవల్లి, అలంపూర్ చౌరస్తాల దగ్గర అవతలి పొలానికి పోవాలంటే యూటర్న్ ఎక్కడో ఉంటుంది. రైతు రాంగ్ రూట్‌లో వస్తాడు, ఎదురుగా బెంగళూరు బస్సు వస్తుంది. తప్పు రైతుదే, కాదనను. ఆ రోడ్డు గీసినవాడికి ఆ ఊళ్లో మనుషులున్నారని తెలుసా అన్నదే నా సందేహం. టూవీలర్లకు టోల్ లేదు గనుక మనం ఆ రహదారికి అతిథులం. అతిథిని ఎవరు లెక్కచేస్తారు? 2025 జూన్‌లో టూవీలర్లకూ టోల్ అని పుకారు లేస్తే కేంద్ర మంత్రి గడ్కరీ స్వయంగా ఖండించాల్సి వచ్చింది. ఒక్క పుకారుకు అంత పెద్ద మంత్రి కదిలాడంటే, నిజంగా అడిగితే ఏమయ్యేదో!

వరి కోతలప్పుడు లోపలి రోడ్లలో సగం వడ్లకే. చుట్టూ బండరాళ్లు, పైన నల్ల పట్టా. రాత్రి లైటు లేని బండి వాడికి నల్ల పట్టా కనపడదు, రాయి కనపడదు, ఆసుపత్రి లైటు ఒకటే కనపడుతుంది. వడ్లు ఆరబోసినవాడూ, బండి మీద వచ్చి ఆ రాయిని గుద్దినవాడూ చాలాసార్లు ఒకే ఊరివాళ్లు, ఒకరికొకరు బామ్మర్దులు. ఇక వాళ్ల పంచాయితీ వాళ్లకే, సర్కారు తప్పించుకుంది.

పెట్రోలు సంగతి చెప్పనక్కర్లేదు. రాష్ట్ర వ్యాట్ 35.20 శాతం. 2021 నవంబరులో కేంద్రం ఎక్సైజు తగ్గించినప్పుడు చాలా రాష్ట్రాలు తమ పన్ను కూడా కోసుకున్నాయి, తెలంగాణ కోసుకోలేదు. గట్టు, కేటీదొడ్డి వాళ్లకు రాయచూరు వైపు ట్యాంకు నింపుకుంటే లీటరుకు నాలుగైదు రూపాయలు మిగులుతాయి. మన వ్యాట్ విధానం వల్ల లబ్ధి పొందిన ఏకైక ప్రభుత్వం కర్ణాటకది.

ఇన్ని ఉండగా ఒక్క సంఘం లేదు. లారీ ఓనర్లకు ఉంది, ఆటోలకు ఉంది, ఆర్టీసీకైతే ఎన్నో ఉన్నాయి. ఊళ్లలో అందరికంటే ఎక్కువున్న బండ్లవాళ్లకు మాత్రం లేదు.

పొరపాటు. సంఘటితం కావడం మనకు రాదని ఎవరన్నారు? ఎన్నికల నామినేషన్ నాడు చూడాలి. "తమ్మీ, నీ దోస్తులందర్ని పట్కరా. బండికి అర లీటరు, మనిషికి బిర్యానీ" అని పైనుంచి కబురొస్తుంది. బంకులో చిట్టీ చూపిస్తే పెట్రోలు పోస్తారు. వెయ్యి బండ్లు బారులు తీరతాయి. ఒక్కో బండి మీద ముగ్గురు, సైలెన్సర్ ఊడదీసి, కట్టెకు జెండా కట్టి. గులాబీ నాడు గులాబీ, మూడు రంగుల నాడు మూడు రంగులు, కాషాయం నాడు కాషాయం. బండ్లు అవే, కుర్రాళ్లూ చాలావరకు అవే. ఆ రోజు ఫోటో కొట్టే కానిస్టేబుల్ కూడా ర్యాలీకి దారి ఇచ్చే డ్యూటీలో ఉంటాడు. హెల్మెట్ లేని స్వేచ్ఛ అంటే అదీ! నాయకుడు పోయించిన ఆ అర లీటరులోనూ ఇంచుమించు నాలుగోవంతు వ్యాట్ కింద మళ్లీ ఖజానాకే చేరుతుంది. కుర్రాడికి మిగిలేది బిర్యానీ.

సంఘం పెట్టి మరీ పోరాడినవాళ్లు లోకంలో లేకపోలేదు. అమెరికాలో 1966లో ఫెడరల్ ప్రభుత్వం హెల్మెట్ చట్టం చేయని రాష్ట్రాలకు రహదారి నిధులు కోస్తానంది. ఏబేట్ లాంటి బైకర్ల సంఘాలు పుట్టి రాష్ట్ర శాసనసభల ముందు నిరసనలకు దిగాయి. 1976లో అమెరికా కాంగ్రెస్ ఆ శిక్ష ఎత్తేసింది. రాష్ట్రాలు ఒకదాని వెంట ఒకటి చట్టాలు సడలించాయి. ఇల్లినాయ్, అయోవా, న్యూ హాంప్‌షైర్‌లలో పెద్దవాళ్లకు హెల్మెట్ చట్టమే లేదు. ఫ్లోరిడా 2000లో ఇంకో మెట్టు ఎక్కింది. 21 ఏళ్లు దాటి, పదివేల డాలర్ల వైద్య బీమా ఉంటే బోడితలతో తిరగొచ్చు. అంటే తల పగలగొట్టుకోండి, బిల్లు కట్టే ఏర్పాటు మాత్రం ముందే చూసుకోండి అని. అంత క్రమశిక్షణతో సంఘం కట్టి, అంత ఖర్చుపెట్టి, చివరికి వాళ్లు గెలుచుకున్నది మన కుర్రాళ్లకు చీర కొంగు సాయంతో ఉచితంగా దొరుకుతున్నదే.

దగ్గరి ఉదాహరణ కావాలంటే హైదరాబాదులో డెలివరీ కుర్రాళ్లను చూడండి. వాళ్లలో మన పాలమూరు నుంచి పోయినవాళ్లూ ఉన్నారు. తెలంగాణ గిగ్ అండ్ ప్లాట్‌ఫామ్ వర్కర్స్ యూనియన్ అని కట్టుకున్నారు, నేతల దగ్గరికి కాగితాలు పట్టుకుని తిరిగారు. 2023 డిసెంబరులో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి వాళ్లను పిలిచి కూర్చోబెట్టి 5 లక్షల ప్రమాద బీమా ప్రకటించారు. 2025 ఏప్రిల్‌లో వాళ్ల కోసం బిల్లు ముసాయిదా కూడా బయటికి వచ్చింది. బండి మీద తిండి మోసేవాడు నోరు తెరిస్తే ఇంత జరిగింది. తిండి పండించి బండి మీద తిరిగేవాడు ఇంకా బిర్యానీ దగ్గరే ఉన్నాడు.

అడగాల్సినవేమో చట్టంలోనే పడి ఉన్నాయి. గుద్ది పారిపోయిన బండి దొరకకపోయినా, చనిపోయినవాడి ఇంటికి 2 లక్షలు, గట్టిగా గాయపడినవాడికి 50 వేలు 2022 ఏప్రిల్ నుంచి ఇవ్వాలి. ప్రమాదం జరిగితే లక్షన్నర దాకా నగదు లేకుండా వైద్యం అని 2025 మేలో పథకం వచ్చింది. ఈ రెండింటి గురించి మన బస్టాండ్లలో ఒక్క గోడ మీద రాత చూపించండి. గుట్కా వద్దని ఉంటుంది, మూత్రం పోయరాదని ఉంటుంది.

సరే, రేపే సంఘం పెట్టుకుందాం అనుకుందాం. నంబరు ప్లేట్ల మీద నాగర్‌కర్నూలు 31, వనపర్తి 32, గద్వాల 33. వరస నంబర్లే గానీ ఆఫీసు ఎక్కడ అనగానే వరస తప్పుతుంది. 2016లో జిల్లా కోసమే అంత కొట్లాడిన గద్వాల వాళ్లు వనపర్తికి వచ్చి సంతకం పెడతారా? రాజావారి ఊరిని కాదని వనపర్తి వాళ్లు నాగర్‌కర్నూలు పోతారా? చివరికి ముగ్గురికీ సమదూరంగా కొత్తకోట చౌరస్తాలో పెట్టుకుందామంటారు, ఏ జిల్లావాడికి ఎంత దూరమో కొలిచే ఓపిక ఎవరికీ ఉండదు. అధ్యక్షుడు ఎవరన్నదానికి మూడు పార్టీల నుంచి మూడు ఫోన్లు వస్తాయి. గౌరవాధ్యక్షుడిగా ఎవరో ఒక పెద్దమనిషిని పెడతారు. ఆయన ఎప్పుడూ ఫార్చ్యూనర్‌లోనే తిరుగుతాడు.

మొదటి కార్యక్రమం ఫ్లెక్సీ. పెద్దమనిషి బొమ్మ నిలువెత్తు, కింద రెండు వరసల్లో నలభై మంది సభ్యుల మొహాలు. ఎవరి తలమీదా హెల్మెట్ ఉండదు, పెట్టుకుంటే మొహం కనపడదు గదా. చౌరస్తాలో ఎత్తుగా కనపడాలని స్తంభానికి గట్టిగా కట్టేస్తారు, వెనకున్న "ముందు ప్రమాదకర మలుపు" బోర్డు పూర్తిగా మూసుకుపోయేలా.