‘ఎండ మిక్కిలి యని’ – టీకా తాత్పర్య సహితము

అవతారిక

స్పెయిన్‌లో నివాసం నమోదు చేయించుకున్న బ్రిటిష్ వాళ్లు రెండు లక్షలకు పైమాటే. వాళ్లలో చాలామంది అలికాంతే నుంచి మాలగా దాకా మధ్యధరా తీరాన్ని అంటిపెట్టుకుని ఉంటారు. అందులోనూ పెద్దభాగం ఉద్యోగాలు ముగించి, లీడ్స్‌లోనో లివర్‌పూల్‌లోనో ఉన్న ఇల్లు అమ్ముకుని, తొర్రెవియెహా, ఫ్వెన్‌హిరోలా వంటి ఊళ్లలో కాపురం పెట్టిన పింఛనుదారులు. వీరి దినచర్యను నాలుగు పాదాల్లో బిగించిన చాటువు ఇది. పైకి సులభంగా కనిపిస్తుంది. అందుకే వ్యాఖ్యానం అవసరమైంది. కఠినమైన పద్యాలను ఎలాగూ ఎవరూ చదవరు.

మూలము

ఆ. పాలు పోసి టీని పట్టుక కూర్చుండి
యెండ మిక్కిలి యని యేడ్చు నొకడు
దాని కోరి యిల్లు దవ్వున కొన్నాడు
చీటి కొరకు నిలిచి చిక్కిపోయె

ప్రతిపదార్థము

పాలు పోసి = చల్లని పాలను చేర్చి (కాచిన పాలు కావని గ్రహించునది); టీని = నల్లగా దిగిన తేనీటిని; పట్టుక = రెండు చేతులా పట్టుకొని; కూర్చుండి = బాల్కనీలో ప్లాస్టిక్ కుర్చీయందు ఆసీనుడై; ఎండ మిక్కిలి అని = ఆతపము భరింపరానిదిగా నున్నదని; ఏడ్చున్ = సణుగును; ఒకడు = ఒకానొక బ్రిటిష్ పురుషుడు (భార్యయు ఇందే అంతర్భూతము); దాని = ఆ ఎండనే; కోరి = అభిలషించి; ఇల్లు = రెండు పడకగదులును, ఉమ్మడి ఈతకొలనును గల వాటాను; దవ్వునన్ = పుట్టినూరికి దూరముగా; కొన్నాడు = కొన్నాడు (ఇందు విప్పి చెప్పదగినది లేదు, డబ్బు పోయినది); చీటి కొరకు = నివాసపత్రమునకై; నిలిచి = వరుసలో నిలువబడి; చిక్కిపోయెన్ = కృశించెను.

తాత్పర్యము

ఒకడు ఎండ కావాలని దేశం దాటి వచ్చి ఇల్లు కొన్నాడు. కొన్న తర్వాత ఎండ ఎక్కువైందని, చేత టీకప్పు పట్టుకుని, వాపోతున్నాడు. నడుమ నడుమ కాగితాల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగి సగమయ్యాడు.

విశేషములు

పాలు పోసి: కవి టీతో కాక పాలతో మొదలుపెట్టడంలో ఔచిత్యం ఉంది. స్పెయిన్ దుకాణాల్లో పాలంటే ప్రధానంగా అట్టపెట్టెల్లో, ఫ్రిజ్ బయట, అరల మీద నెలల తరబడి నిలవుండే పాలు. బార్‌లో టీ అడిగితే గ్లాసుడు వేడినీళ్లు, పక్కన సాసర్లో పొడి సంచీ, మరీ దయ కలిగితే వేడిపాలు ఇస్తారు. మూడూ బ్రిటిష్ ధర్మశాస్త్రంలో దోషాలే. కనుక టీ సంచులు సూట్‌కేసులో వస్తాయి. టీకి అభ్యంతరం లేదు. 2021 జనవరి 1 నుంచి మాత్రం బ్రిటన్ నుంచి వచ్చే ప్రయాణికుడు మాంసం, పాల పదార్థాలు యూరోపియన్ యూనియన్‌లోకి తేకూడదు. ఆ నెలలోనే డచ్ కస్టమ్స్ వాళ్లు ఓడ దిగిన డ్రైవర్ల చేతిలోని హామ్ శాండ్‌విచ్‌లు లాక్కోవడం టీవీలో చూపించారు. విమానాశ్రయంలో ఆవకాయ సీసా గతి ఏమవుతుందోనని గుండె పట్టుకుని నిలబడ్డ తెలుగువారికి ఆ డ్రైవర్ల దుఃఖాన్ని విడమరచి చెప్పనక్కర్లేదు. చెడ్డార్ జున్ను, బేకన్ ఈ విధంగా నిషిద్ధాలు కాగా, పాలు స్థానికం, టీ స్వదేశీ అయి కప్పులో సమాగమం జరిగింది.

కూర్చుండి: నిలబడి తాగరాదా అని శంక. నిలబడి చేయవలసిన పని అంతకుముందే అయిపోయిందని సమాధానం. స్పెయిన్‌లో ప్రతి ఇంటికీ ఇన్ని కిలోవాట్లని కరెంటు కంపెనీతో ముందే ఒప్పందం ఉంటుంది. పాత వాటాల్లో 3.45 కిలోవాట్లతో సరిపెట్టినవి కొల్లలు. బ్రిటన్ నుంచి భక్తితో మోసుకొచ్చిన కెటిల్ ఒక్కటే మూడు కిలోవాట్ల దాకా లాగుతుంది. ఆదివారం మధ్యాహ్నం. ఎండ రాకుండా కిటికీలకు రోలింగ్ షట్టర్లు దించేశారు. ఓవెన్‌లో బీఫ్ రోస్టు సగం ఉడికింది. గృహస్థు కెటిల్ మీట నొక్కాడు. తలుపు పక్కన బోర్డులో టక్కుమంది. ఫ్యాను ఆగింది, ఓవెన్ ఆరింది, పట్టపగలు చీకటి. ఆయన ముందు ఓవెన్ ఆపాలి, గోడ తడుముకుంటూ వెళ్లి బోర్డులో మీట పైకి లేపాలి, నీళ్లు మరిగాక మళ్లీ ఓవెన్ వేయాలి. ఇంత వ్యాయామం తర్వాత ‘కూర్చుండి’ అనడం స్వభావోక్తి.

ఎండ మిక్కిలి యని: ఇది ఆగస్టు పాఠం. జనవరి ప్రతుల్లో ‘చలియు మిక్కిలి యని’ అని పాఠాంతరం కనిపిస్తుంది. ఆ తీరపు ఇళ్లు వేసవిని దృష్టిలో పెట్టుకుని కట్టినవి: కింద టైల్సు, పల్చటి గోడలు, చాలావాటిలో సెంట్రల్ హీటింగ్ శూన్యం. బయట ఎండలో చొక్కాతో తిరిగే మనిషి ఇంట్లోకొచ్చి స్వెట్టర్ వేసుకుంటాడు. చక్రాల హీటరులో పన్నెండున్నర కిలోల నారింజరంగు గ్యాస్ బండ పెట్టి గదిగదికీ దొర్లించుకుంటూ తిరుగుతాడు. ఈ పాఠం అంగీకరిస్తే యతి చెడుతుంది. అయితే జనవరి రాత్రి యతిని పట్టించుకునే ఓపిక ఎవరికీ ఉండదు కనుక రెండు పాఠాలూ గ్రాహ్యాలే.

ఒకడు: ఏకవచనం ఇంట్లో చెల్లుతుంది, ఆఫీసులో చెల్లదు. స్పెయిన్ వారికి తండ్రి నుంచి ఒకటి, తల్లి నుంచి ఒకటి, రెండు ఇంటిపేర్లు. దరఖాస్తులో రెంటికీ గడులుంటాయి. ‘జాన్ విలియం స్మిత్’ అని రాసి ఇస్తే, విలియం తండ్రి వైపు ఇంటిపేరనీ స్మిత్ తల్లి వైపుదనీ గుమస్తా నిశ్చయిస్తాడు. ఆసుపత్రి హాల్లో నర్సు ‘సెన్యోర్ విలియం’ అని మూడుసార్లు పిలుస్తుంది. స్మిత్ గారు ఆ విలియం ఎవరో, ఇంత బద్ధకమేమిటో అని అటూ ఇటూ చూస్తారు. ఇంటిపేరు ముందా వెనకా అని అమెరికా ఫారాల దగ్గర తెల్లబోయే మన వాళ్లు ఆయన పక్కన కూర్చోదగినవాళ్లు.

దాని కోరి: ‘దాని’ అనగా ఎండను మాత్రమే అని ప్రాచీనులు. ఎండనూ పింఛనునూ అని నవ్యులు. నవ్యుల మాటలో పస ఉంది. బ్రిటిష్ ప్రభుత్వ పింఛను స్పెయిన్‌లో ఉంటున్నవారికి స్వదేశంలో లాగే ఏటా పెరుగుతుంది. 2025-26లో కొత్త పద్ధతి పూర్తి పింఛను వారానికి 230.25 పౌండ్లు. అదే ఆస్ట్రేలియా, కెనడా, భారత్ వంటి దేశాల్లో స్థిరపడితే మొదట ఎంత చేతికొచ్చిందో అంత దగ్గరే గడ్డకట్టిపోతుంది. ముప్పై ఏళ్లు బ్రిటన్‌లో పనిచేసి పింఛనుతో గుంటూరు తిరిగొచ్చిన తెలుగు డాక్టరుకూ ఇదే గతి. ఎండ గుంటూరులోనూ కావలసినంత ఉంది. కాబట్టి కోరింది ఎండ ఒక్కటే కాదని సిద్ధం.

ఇల్లు దవ్వున కొన్నాడు: దూరంగా ఉండి కొనడంలో ప్రమాదం కూడా ధ్వనిస్తోంది. అల్మెరియా ప్రాంతపు వేరా ఊళ్లో 2008 జనవరిలో ఒక బ్రిటిష్ దంపతుల ఇంటిని యంత్రాలతో నేలమట్టం చేశారు. ఊరి పురపాలక సంఘం అనుమతితో కట్టుకున్నదే. ఆ అనుమతే చెల్లదని పైనున్న ప్రాంతీయ ప్రభుత్వం తేల్చింది. ఇక్కడ హాస్యానికి చోటు లేదు కనుక ముందుకు పోదాం.

చీటి కొరకు: ఏకవచనం జాత్యేకవచనం, చీటీలు అనేకం. విదేశీయులకిచ్చే నీయె అనే నంబరు మొదటిది. ఊళ్లో ఉంటున్నట్టు పురపాలక కార్యాలయంలో పేరెక్కించే పద్రోన్ రెండోది. తలల లెక్కను బట్టి ఊరికి పై నుంచి నిధులొస్తాయి గనక దీనికి మాత్రం పిలిచి కూర్చోబెడతారు. మూడోది తీయె అనే ఫొటో, వేలిముద్రల కార్డు. ఫొటో లేని ఆకుపచ్చ కాగితంతో ఏళ్లు గడిపినవాళ్లకు 2020 జూలై నుంచి దీన్ని ఇస్తున్నారు. మొదటిదానికీ మూడోదానికీ వెళ్లాలంటే ముందుగా అపాయింట్‌మెంట్ కావాలి. దాని పేరు సీతా ప్రేవియా, వెతుకులాట దీర్ఘం. దొరకనివాళ్లు హెస్తోర్ అనే లైసెన్సుగల ఏజెంటుకు రుసుము చెల్లించి శరణు వేడతారు. కాగితం లేక కాళ్లు కట్టుబడ్డ కాలమూ ఉంది: 2022 మే 1 నుంచి 2023 మార్చి 15 దాకా స్పెయిన్ నివాసుల దగ్గరున్న బ్రిటిష్ డ్రైవింగ్ లైసెన్సు అక్కడి రోడ్ల మీద చెల్లలేదు. బస్సు రాని కొండవాలు కాలనీలో, ఇంటిముందు కారు పెట్టుకుని, పొరుగువాడి దయతో పాలపెట్టె తెప్పించుకున్నవాడు ‘చిక్కిపోయె’ అన్న పదానికి నిజమైన నిఘంటువు. ఈ చీటీల బాధ కొత్తదీ కాదు. పూర్వం మాలగాలో క్యాథలిక్ కాని విదేశీయుడు చనిపోతే పూడ్చడానికి ఊళ్లో చోటుండేది కాదు. బ్రిటిష్ కాన్సల్ విలియం మార్క్ పట్టు విడవక అనుమతి తెచ్చాకే 1831లో అక్కడ ఇంగ్లీషు శ్మశానం వెలిసింది.

ఆక్షేపము – సమాధానము

ఇట నొక పూర్వపక్షం. టీ విడవడు, రోస్టు విడవడు, ఎండను తిడతాడు, ఆఫీసును తిడతాడు. ఇటువంటివాడు ఆ దేశంలో ఉన్నట్టా లేనట్టా? లీడ్స్‌లోనే ఉండిపోవచ్చు గదా? కనుక పద్యం కేవలం వెక్కిరింత అని కొందరు.

అది పొసగదు. బెనిదోర్మ్‌కు రెండు వారాల సెలవు మీద వచ్చే బ్రిటిష్ యాత్రికుణ్ణి చూడండి. వీపు కందిపోయినా, ముక్కు పొట్టు లేచినా, వాడి నోట ‘ఎండ మిక్కిలి’ అనే మాట రాదు. డబ్బిచ్చి కొన్నది తిట్టుకోడు, పైగా వెళ్లిపోతాడు. చుట్టపుచూపుగా వచ్చినవాడు ఇంటిని మెచ్చుకుంటాడు. కప్పు కారుతోందని సణిగేవాడే ఇంటివాడు. అందువల్ల రెండో పాదం నివాసానికి మొదటి సాక్ష్యం. ఆఫీసులో ఆ సాక్ష్యం చెల్లదు గనకనే నాలుగో పాదం పుట్టింది. సణుగుడు రెండు దేశాల్లోనూ చట్టబద్ధం కూడా అయింది. 2019 జనవరిలో బ్రిటన్, స్పెయిన్ కుదుర్చుకున్న ఒప్పందం వల్ల అక్కడ స్థిరపడిన బ్రిటిష్ వాళ్లు స్పెయిన్ పురపాలక ఎన్నికల్లో ఓటు వేయవచ్చు, నిలబడనూ వచ్చు. విదేశంలో పదిహేనేళ్లు దాటితే బ్రిటన్ ఓటు పోయే నియమం 2024 జనవరి 16న తొలగింది. ఇప్పుడాయన ఇక్కడి చెత్తబండినీ అక్కడి ప్రధానినీ ఒకే నోటితో, పూర్తి హక్కుతో విమర్శించవచ్చు.

ఇంకొకటి. ‘నిలిచి’ అన్నాడు గాని ‘ఒంటరిగా నిలిచి’ అనలేదు. ఆ వరుసలో ఆయన ముందు మొరాకో నుంచి వచ్చిన తోటకూలీ, వెనక కొలంబియా నుంచి వచ్చిన ముసలివాళ్లను చూసుకునే ఆయా. కాలనీలో ఆయన చుట్టూ అందరూ ఇంగ్లీషువాళ్లే. కొలనులో ఇంగ్లీషు, బార్‌లో ఇంగ్లీషు. స్పెయిన్‌లో ఉంటున్న మిగతా జనంతో ఆయన భుజం రాసుకునేది ఇక్కడే. పదిన్నరకు గుమస్తా కాఫీకి లేచాడు. ముగ్గురూ గోడ గడియారం వైపు చూసి, తలా ఒక భాషలో, ఒకే మాట అనుకున్నారు. ఆ క్షణాన ఆయనకు నివాసం సిద్ధించింది. కార్డు ముద్రణకు ఇంకో నెల పట్టింది.

అలంకారము

ఇష్టాన్ని కోరి యత్నిస్తే అనిష్టం ఎదురవడం విషమాలంకారం. రెండు, మూడు పాదాలు కలిసి దానికి లక్ష్యం. రసం హాస్యమే. కరుణ ఛాయామాత్రంగా ఉంది; అదీ వేరా దగ్గర.

ఫలశ్రుతి

ఈ పద్యమును నిత్యమూ పఠించువారికి సీతా ప్రేవియా త్వరగా లభించును. టీకతో చదువువారికి గుమస్తా కాఫీకి లేవకముందే టోకెను నంబరు వచ్చును. తాత్పర్యము కూడ తెలిసినవారు కౌంటరు దగ్గర తమ రెండో ఇంటిపేరు గడిని ఖాళీగా వదలి, ఫొటోకాపీ ఒకటి అదనముగా తీసుకొని పోవుదురు.