నా వీపుకు లప్పం

మాది టాస్మేనియా. నన్ను బ్లాక్‌వుడ్ అంటారు. పేరు చూసి నల్లగా ఉంటాననుకునేరు, నాది తేనె రంగు. మీ పొలం గట్ల మీది తుమ్మకు దూరపు చుట్టాన్ని. ఇప్పుడు మెల్‌బోర్న్ శివార్లలో ఒక తెలుగాయన కారు షెడ్డులో గిటార్‌కు వీపూ పక్కలూ అయ్యాను. ముందు పలక బన్యా పైన్‌ది, మెడ క్వీన్స్‌లాండ్ మేపుల్‌ది. అందరం ఈ దేశపు కర్రలమే. ఈ ఊళ్లోనే 1946లో బిల్ మే పెట్టిన మేటన్ గిటార్ల కంపెనీ మాలాంటి వాళ్లకు వాద్యాల్లో చోటిచ్చింది.

చెట్టుగా ఉన్నప్పుడు నీళ్లు పైకి మోసిన సన్నని గొట్టాలు, కోసి చెక్క చేశాక నా ఒళ్లంతా తెరుచుకున్నాయి. వాటిని పూడ్చకుండా లక్కర్ కొడితే కొన్నాళ్లు అద్దంలా ఉంటుంది. తర్వాత పూత లోపలికి దిగి గుంటలు తేలతాయి.

"లప్పం పెట్టెయ్యరా, దీనికింత ఆలోచనా?" అన్నారు బొబ్బిలి నుంచి వచ్చిన వాళ్ల నాన్నగారు.

"ఇది తలుపు కాదు నాన్నా."

ఏకాండి వీణలు తయారయ్యే ఊరి మనిషి, ఊరుకుంటారా? కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

ఏ లప్పం మేలో చూసే పరీక్షలన్నీ నాలోంచి కోయగా మిగిలిన ముక్కల మీదే. నీళ్లతో కలిపే లప్పం తొందరగా ఆరింది గానీ నా రంగు మసకబారి, తడికి నూగు లేచింది. నూనెతో కలిపే సిలికా లప్పం రోజుల తరబడి ఆరాలి, ఆరాక మళ్లీ కుంగుతుంది. సూపర్ గ్లూ ఘాటుకు తండ్రీకొడుకులిద్దరూ షెడ్డు బయటికి పరుగు.

ప్యూమిస్ పద్ధతి మాత్రం నాకు నచ్చింది. గుడ్డ ఉండకు స్పిరిట్, కాస్త లక్క, చిటికెడు ప్యూమిస్ రాతి పొడి. గుండ్రంగా రుద్దుతుంటే ఆ పొడి నా ఒంటినే కొద్దికొద్దిగా అరగదీసి, ఆ పొట్టునే లక్కతో కలిపి గొట్టాల్లో కూరుతుంది. నా రంగు నాకే దక్కుతుంది. స్పిరిట్ తక్కువైతే తెల్లచుక్కలు మిగిలిపోతాయి. చెయ్యి తిరగాలి, ఓపికుండాలి.

కొడుక్కు దొరికేవి శనాదివారాలే. ఎపాక్సీ వైపు మొగ్గాడు. రెండు సీసాల్లోది కలిపి, పాత బ్యాంకు కార్డుతో నా మీద లాగి గీకాడు. చలికాలం కదా, హీటర్ పెడితే గానీ గట్టిపడలేదు. ఎమ్రీ పట్టేటప్పుడు మాస్కు తప్పదు, నా పొట్టు కొందరికి తుమ్ములూ ఆయాసమూ తెప్పిస్తుంది. అదంతా అయ్యాక నా చారలు తడిసినట్టు మెరిశాయి, ఒప్పుకోవాల్సిందే. అయినా నా ఓటు ప్యూమిస్‌కే. లక్క రేపు గీరుకుపోయినా స్పిరిట్‌కు కరిగి అతుక్కుంటుంది, గట్టిపడ్డ ఎపాక్సీ స్పిరిట్‌కు లొంగదు. నన్నడిగిందెవరు?

"ముందు పలకకు పూయవా?" అన్నారు పెద్దాయన.

"పైన్ లాంటి కర్ర నాన్నా, దానికి అలాంటి గొట్టాలుండవు. పైగా తీగ మీటితే ఊగాల్సింది అదే. అక్కర్లేని బరువెందుకు?"

"సరే, ఆ గ్లవ్స్ ఇటివ్వు. వీపుకు రెండో పూత నేను లాగుతాను."