పరారీలో ఉన్న బస్తాలు

కృష్ణా జిల్లా పోలీసు వారికి నాదొక మనవి. బందరు పక్కన పోట్లపాలెం గోదాము కేసులో 2024 డిసెంబరులో మీరు మనుషుల కోసం ఊరూరా తిరిగారు. పొరపాటు. అసలు అజ్ఞాతంలో ఉన్నవి బియ్యం.

మాజీ మంత్రి పేర్ని నాని గారి కుటుంబం పౌరసరఫరాల వాళ్ళకు అద్దెకిచ్చిన గోదాము అది. వేబ్రిడ్జిలో తేడా వల్ల తరుగొచ్చిందనీ, తగ్గినదానికి డబ్బు కట్టేస్తామనీ గోదాము వారు జాయింట్ కలెక్టరుకు లేఖ రాశారు. మొదట తగ్గాయని తేలినవి 3,708 బస్తాలు. లెక్క సాగేకొద్దీ 7,577 దాకా వెళ్ళింది. యాభై కిలోల బస్తాలు, అంటే 378 టన్నులు! అంత తేడా చూపించే కాటా ఎక్కడుందో చెబితే నేనూ వెళ్ళి ఒకసారి ఎక్కుతాను. మా డాక్టరు పది కిలోలు తగ్గమని ఏడాదిగా పోరుతున్నాడు.

నాకెందుకో కాటా మీద అనుమానం లేదు. బియ్యమే లేచిపోయాయి. లారీలెక్కి వెళ్ళాయంటారా, ఇరవై టన్నుల చొప్పున పంతొమ్మిది లారీలు కావాలి. అన్ని లారీలు గోదాము ముందు ఆగి, హమాలీలు ఎక్కించి, తాళ్ళు బిగించి, టీ తాగి వెళ్తే ఊళ్ళో ఒక్కడికీ తెలియకుండా ఉంటుందా? అధికారులకు తెలియకుండా ఉంటుందా? ఉండదు గదా. కాబట్టి నడిచే వెళ్ళాయి. అర్ధరాత్రి దాటాక, గోడవారగా, ఒకదాని వెనక ఒకటి. ముందు వెళ్ళిన జట్టును ఎవరూ ఆపకపోయేసరికి వెనక జట్టుకు ధైర్యం వచ్చుంటుంది.

ఎటెళ్ళాయంటే, నా ఊహ చెబుతాను. కొన్ని చల్లపల్లి మీదుగా, మోపిదేవిలో స్వామికి దండం పెట్టుకుని, దివిసీమలోకి దిగి హంసలదీవి మడ అడవుల్లో నక్కాయి. కొన్ని గుడివాడ దారి పట్టి, దారిలో ఎక్కడో పాలిష్ పట్టించుకుని, సంచి మార్చుకుని, పెళ్ళిభోజనాల్లో సన్నబియ్యమని పేరు చెప్పుకు తిరుగుతున్నాయి. లుకౌట్ నోటీసు వేయాలంటే ఆనవాలు కూడా ఉంది. అప్పటి రేషన్ బియ్యంలో వందకొకటి చొప్పున బలవర్ధక గింజలు కలిపేవారు. ఐరనూ, ఫోలిక్ యాసిడూ, బి12 పట్టించిన గింజలు. మన ఆడవాళ్ళు ప్లాస్టిక్ బియ్యమని చేటలో ఏరి పారేసేవి అవే. ఎన్ని వేషాలు మార్చినా ఆ పుట్టుమచ్చ పోదు. ఒక కానిస్టేబులుకు చేట ఇచ్చి కూర్చోబెడితే కేసు తేలిపోతుంది.

మనుషుల్లా ముందస్తు బెయిలుకు బియ్యం తొందరపడక్కర్లేదు. కాకినాడలో ఓడెక్కిన వాటి చుట్టాల సంగతి చూశాం గదా. ఉప ముఖ్యమంత్రి గారు సముద్రంలోకి వెళ్ళి మరీ ఓడను పట్టుకోమన్నారు. ఆ స్టెల్లా ఓడ కొన్నాళ్ళు ఆగింది, కొంత సరుకు దింపింది, 2025 రాగానే తన దారిన తాను పోయింది. అంత ఓడే వెళ్ళిపోగా లేనిది, బస్తా ఎంత?

ఈ గడ్డకు అజ్ఞాతం కొత్తేమీ కాదులెండి. మంగళాపురం చండ్ర రాజేశ్వరరావు తరం వాళ్ళు కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధమున్న రోజుల్లో ఇక్కడి పొలాల్లోనే తలదాచుకున్నారు. 1949లో కమ్యూనిస్టుల కోసం దిగిన పోలీసులు కాటూరు, యలమర్రుల్లో మగవాళ్ళ బట్టలిప్పించి గాంధీ విగ్రహం చుట్టూ తిప్పారు. అంతటి రోజుల్లోనూ దాక్కున్నవాడికి ఏదో ఒక గడప అన్నం పెట్టింది. మన కాలానికి అన్నమే దాక్కోవాల్సి వచ్చింది.

డబ్బు కట్టారు, కాదనను. ఎవరు తీశారో కోర్టు తేలుస్తుంది, అదీ సరే. కానీ మనిషికి నెలకు ఐదు కిలోలు. ఆ 378 టన్నులు 75 వేల మందికి నెల తిండి. ఆ ఐదు కిలోల కోసం అప్పట్లో వీధిలోకి వచ్చిన రేషన్ బండి దగ్గర ముసలమ్మ వేలు పెట్టేది. నాట్లేసి నాట్లేసి అరిగిపోయిన వేలు. మిషన్ ఒప్పుకునేది కాదు. చీరకొంగుతో తుడిచి మళ్ళీ పెట్టేది. ‘రేపు రా మామ్మా’ అనేవాడు బండివాడు. 2024 డిసెంబరు వానల్లో పెడన రైతు రోడ్డు మీద ధాన్యం పరిచి, పట్టాలు కప్పి, తీసి, మళ్ళీ కప్పి రైతు సేవా కేంద్రానికి తెస్తే తేమ పదిహేడు దాటిందన్నారు. ఆమె అరచేతిలో గీత, అతని గింజలో చెమ్మ ఈ ప్రభుత్వాల కంటికి ఆనుతాయి. పంతొమ్మిది లారీల సరుకు ఆనదు!

గోదాము ఏ పార్టీ వాళ్ళదైతే నాకేం? నెలనెలా తనిఖీ చేయాల్సిన అధికారి ఏం లెక్కపెట్టి సంతకం చేశాడు? ఆ లారీలెవరివి? ఆ బియ్యం ఎవడు కొన్నాడు? సొమ్ము జమైందని రసీదు చూపిస్తే కుదరదు. నాకీ మూడింటికీ పేర్లు కావాలి.